ప్రజారోగ్యం చదవాలనుకుంటే: సరిహద్దు జిల్లాల పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్లస్ టూ ఫలితాలు రాగానే ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, గుణుపురం వైపు నుంచీ, అటు మహారాష్ట్రలోని సిరొంచ, రాజురా వైపు నుంచీ ప్రజారోగ్యం చదువు మీద ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: బైపీసీతో ప్లస్ టూ పాసయ్యాను. నీట్‌లో సీటు వచ్చేలా లేదు. బ్యాచిలర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ అనే డిగ్రీ ఉందంటున్నారు. చేరవచ్చా? చదివాక ఉద్యోగం ఉంటుందా?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

చేరే ముందు ఒక పని చేయండమ్మా. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఒడిశాలో ఈమధ్య వచ్చిన నాలుగైదు ఉద్యోగ ప్రకటనలు దింపుకొని, ఒక్కో పోస్టుకూ అర్హత అని రాసిన వాక్యం మాత్రమే చదవండి. కాలేజీ బ్రోషరు కంటే ఆ వాక్యం ఎక్కువ చెబుతుంది.

ఏం కనబడుతుందంటే: ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టుకు బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) లాంటివి అడుగుతారు. క్షయ కార్యక్రమంలో సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌కు ఏదైనా డిగ్రీ గానీ, గుర్తింపు ఉన్న శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సు గానీ ఉండాలి. దాంతోపాటు కంప్యూటర్ సర్టిఫికెట్, బండి లైసెన్సు. (బండి నడపడం రాక ఈ పోస్టు పోగొట్టుకునేవాళ్లున్నారు. లైసెన్సు ఈ సెలవుల్లోనే తీసుకోండి.) హెచ్‌ఐవీ కౌన్సెలర్‌కు సైకాలజీ, సోషల్ వర్క్, సోషియాలజీ, ఆంత్రోపాలజీ లాంటి డిగ్రీలు చెల్లుతాయి. ప్రోగ్రాం మేనేజర్, ఎపిడెమియాలజిస్టు (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కగట్టేవారు) స్థాయికి పీజీ తప్పదు. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ఎంపీహెచ్, అక్కడ పనికొస్తుంది. వట్టి బ్యాచిలర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌నే పేరు పెట్టి అడిగే పోస్టు అరుదు. నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నట్టు ఈ డిగ్రీతో రోగికి వైద్యం చేసే లైసెన్సేదీ రాదు. అది లోపం కాదు, ఆ చదువు పనే వేరు. కానీ ఆ సంగతి చేరకముందే తెలియాలి.

అందుకని మీ జిల్లాలో ఉండి చదివేవాళ్లకు మేము రెండు దారులు ముందు చెబుతాం. మొదటిది నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, ఆ తర్వాత ఎంపీహెచ్. నర్సింగ్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం, ఇంగ్లీషు పాసై ఉండాలి, డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. మధ్యలో చదువు ఆపాల్సివచ్చినా చేతిలో ఉద్యోగం ఇచ్చే డిగ్రీ ఉంటుంది. రెండోది స్టాటిస్టిక్స్, ఎకనమిక్స్, సోషియాలజీ, ఆంత్రోపాలజీలలో ఏదో ఒకటి ప్లస్ త్రీలో ఆనర్స్‌గా తీసుకొని తర్వాత ఎంపీహెచ్‌కు వెళ్లడం. ముంబయి టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) లాంటి చోట ఎంపీహెచ్‌కు ఏ డిగ్రీ వాళ్లయినా దరఖాస్తు పెట్టవచ్చు. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, ఐఐపీహెచ్ అనే ప్రజారోగ్య సంస్థలోనూ ఎంపీహెచ్ ఉంది. జనాభా లెక్కల మీద మనసుంటే ముంబయి దేవనార్‌లోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) నడిపేది వాళ్లే.

ఇవన్నీ చూసుకున్నాక కూడా నేరుగా ప్రజారోగ్యం డిగ్రీలోనే చేరతానంటే సిలబస్ తెప్పించుకోండి. బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), ఎపిడెమియాలజీ, పర్యావరణ ఆరోగ్యం, సామాజిక–ప్రవర్తనా శాస్త్రాలు, ఆరోగ్య విధానం–నిర్వహణ: ఈ ఐదూ ఉండాలి. బయోస్టాటిస్టిక్స్ ఒకే సెమిస్టరుతో సరిపెట్టిన కోర్సు తేలికగా పాసవుతారేమో గానీ పీజీలో కష్టపడతారు. ఫీల్డు పని ఎన్ని గంటలు, ఏ పీహెచ్‌సీ(ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)తో ఒప్పందం ఉంది, గత బ్యాచి ఏ ఊళ్లో సర్వే చేసింది అని అడగండి. ఊరి పేరు చెప్పలేకపోతే ఫీల్డు పని కాగితం మీదే జరిగిందని అర్థం.

కొత్త విధానంలో మూడేళ్లకు 120 క్రెడిట్లతో డిగ్రీ, నాలుగేళ్లకు 160 క్రెడిట్లతో ఆనర్స్ వస్తాయి. నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో కనీసం 75 శాతం రావాలి. మొదటి సెమిస్టరు మార్కులు కూడా అందులో కలుస్తాయని చాలామంది మూడో ఏట గానీ గ్రహించరు.

ప్రశ్న: నేను ఆర్ట్స్ విద్యార్థిని. లెక్కలంటే భయం. ఈ చదువులో లెక్కలు ఏ మేరకు ఉంటాయి?
– పన్నెండో తరగతి విద్యార్థి, సిరొంచ

పదో తరగతి శాతాలు, నిష్పత్తులు తడుముకోకుండా వస్తే మొదటి ఏడాది గట్టెక్కుతారు. కష్టం కూడిక తీసివేతల్లో కాదు, ఏ అంకెను ఏ అంకెతో భాగించాలో తెలుసుకోవడంలో ఉంటుంది. మహారాష్ట్రలో మలేరియా భారం ఎక్కువ మోసేది మీ గడ్చిరోలి జిల్లాయే కాబట్టి దాంతోనే చూద్దాం. అంకెలు మాత్రం లెక్క కోసం మేము ఊహించుకున్నవి.

గిరిజన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీకి ప్రమాణం 20,000 జనాభా, మైదానంలో అయితే 30,000. ఆ 20,000 మందిలో ఏడాదికి 2,400 రక్తపరీక్షలు చేస్తే 60 మందికి మలేరియా తేలిందనుకోండి. వెయ్యి జనాభాకు ఎన్ని కేసులన్నది ఏపీఐ: 60ని 20,000తో భాగించి వెయ్యితో హెచ్చిస్తే 3. నూటికి ఎంతమందికి పరీక్ష జరిగిందన్నది ఏబీఈఆర్: 12. చేసిన పరీక్షల్లో నూటికి ఎన్ని పాజిటివ్ అంటే 2.5.

మరుసటి ఏడు 24 కేసులే. ఏపీఐ 1.2కు దిగింది. జిల్లా మీటింగులో చప్పట్లు కొట్టేస్తారు. కానీ ఆ ఏడాది జరిగిన పరీక్షలు 800 మాత్రమే. ఏబీఈఆర్ 4కు పడిపోయింది, పరీక్షల్లో పాజిటివ్ శాతం 3కు పెరిగింది. అంటే జ్వరాలు తగ్గాయనడానికి ఆధారం లేదు, వెతకడం తగ్గిందనడానికి ఉంది. ఆరోగ్య సేవక్ పోస్టు ఖాళీ పడిందా, పరీక్ష కిట్లు వానాకాలంలో అయిపోయాయా, ల్యాబ్ టెక్నీషియన్‌ను మరోచోటికి డెప్యుటేషన్ మీద పంపారా అన్నది అప్పుడు అడగాలి. ఏబీఈఆర్ కనీసం 10 ఉండాలని కార్యక్రమం అనుకునేది ఇందుకే.

దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. ఒడిశాలో 2017లో మొదలైన దమన్ కార్యక్రమంలో దారి సరిగా లేని ఊళ్లలో జ్వరం లేనివాళ్లకు కూడా అందరికీ పరీక్ష చేశారు. రోగం బయటపడకుండా ఒంట్లో పరాన్నజీవిని మోసేవాళ్లు అలాంటప్పుడే దొరుకుతారు. వెతికినకొద్దీ కేసులు ముందు పెరుగుతాయి. పెరిగిన ఆ అంకె చూసి కార్యక్రమం విఫలమైందని రాసే విద్యార్థికి మార్కులు పోవాలి, పోతాయి కూడా.

భయం పోవాలంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్–5 గడ్చిరోలి జిల్లా ఫ్యాక్ట్‌షీటు దింపుకోండి. అది 2019–21 నాటి సర్వే, ఉచితం. అందులో బ్రాకెట్లలో ఉన్న అంకెల కింద నోటు ఏం రాసిందో చదవండి. కొద్దిమంది మీద ఆధారపడ్డ శాతాన్ని అలా బ్రాకెట్లో పెడతారు. మరీ తక్కువమంది అయితే అంకె బదులు నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. ఆ నోటు ఎందుకు పెట్టారో మీ మాటల్లో రాయగలిగితే మీకు లెక్కలు వస్తున్నట్టే.

ప్రశ్న: మా అబ్బాయికి పబ్లిక్ హెల్త్ డిగ్రీ దూరవిద్యలో ఇప్పిస్తామనీ, ప్రభుత్వోద్యోగం ఖాయమనీ ఒకాయన వచ్చి చెప్పారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందే ఇమ్మంటున్నారు.
– ఒక తండ్రి, రాయగడ

ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగివ్వాలే తప్ప అట్టేపెట్టుకునే అధికారం కాలేజీకి లేదని యూజీసీ నిబంధన. మధ్యవర్తికి అసలే లేదు. అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని 2025 జులై–ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ ఆపేసింది. సైకాలజీ, న్యూట్రిషన్, మైక్రోబయాలజీ కూడా అందులో ఉన్నాయి. కాబట్టి ఆరోగ్యానికి సంబంధించిన కోర్సు ఏదైనా సరే, ఆ విశ్వవిద్యాలయం పేరు యూజీసీ జాబితాలో ఉందా, ఆ కోర్సుకు ఆ ఏడాది దూరవిద్య అనుమతి ఉందా అని రెండూ విడివిడిగా చూడాలి. విశ్వవిద్యాలయం అసలైనదే అయివుండి కోర్సుకు అనుమతి లేకపోవడం తరచూ జరిగే మోసం. ప్రభుత్వోద్యోగం ఖాయం అన్న మాట దగ్గరే ఆయనకు టీ ఇచ్చి పంపేయవచ్చు.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మీడియం. ఒడియా మాట్లాడతాను, రాయడం రాదు. ఇబ్బందవుతుందా? ఆంధ్రాలో చదివితే మేలా?
– గుణుపురం నుంచి ఇద్దరు, పర్లాకిమిడి నుంచి ఒకరు

అవుతుంది. ఒడిశా ప్రభుత్వ నియామకాల్లో ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలి. ఏడో తరగతి లేదా ఆపై పరీక్షలో ఒడియా ఒక భాషగా పాసైనట్టు మెమో ఉంటే చాలు. లేదంటే మిడిల్ ఇంగ్లీషు స్కూలు స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాయాలి. పరీక్ష కష్టమేం కాదు. దరఖాస్తు గడువు వారం ఉందనగా ఇది గుర్తుకొస్తేనే చిక్కు. డిగ్రీ రెండో ఏట రాసేయండి. మహారాష్ట్ర వైపు వాళ్లకు మరాఠీ, దాంతోపాటు 15 ఏళ్ల నివాసం చూపే డొమిసైల్ సర్టిఫికెట్టు సిద్ధంగా ఉండాలి.

ఆంధ్రా సంగతి. అక్కడ 85 శాతం సీట్లు స్థానికులకే, మిగతా 15 శాతానికీ ఎవరు అర్హులన్న నిబంధన ఉంది. స్థానికత ఇంట్లో మాట్లాడే భాషను బట్టి రాదు, ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి వస్తుంది. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలన్నది మూలసూత్రం. రెండేళ్ల ఇంటర్ కోసం పాతపట్నమో పార్వతీపురమో వెళ్లొచ్చినంత మాత్రాన చాలదు. తెలంగాణ వైపు నిబంధనలు ఈమధ్య మారాయి కాబట్టి ఆ ఏడాది జీవో చదివే దిగండి. కుల ధ్రువీకరణ పత్రం కూడా మీ రాష్ట్రపు కోటాకే చెల్లుతుంది, సరిహద్దు దాటితే రాష్ట్ర రిజర్వేషన్ వెంట రాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఓబీసీకి కేంద్ర జాబితాలో పేరుండాలి. ఒడిశా ఎస్‌ఈబీసీ (వెనుకబడిన తరగతుల రాష్ట్ర జాబితా) పత్రం అక్కడ పనికిరాదు, కేంద్ర నమూనాలో వేరే తీసుకోవాలి.

భాషల విషయంలో మీరు అనుకుంటున్నంత నష్టమేమీ లేదు. తెలుగు, ఒడియా, కాస్త సవర వచ్చినవాళ్లు సర్వే బృందానికి దొరకడం కష్టం. దరఖాస్తులో ఆ మూడూ రాయండి, మాట్లాడడం వేరు, చదవడం రాయడం వేరుగా.

ప్రశ్న: చివరి ఏడాది ప్రాజెక్టు చేయాలి. మూడు నెలల సమయముంది. గజపతి జిల్లాలో ఏ విషయం తీసుకుంటే పూర్తవుతుంది? ఎంతమందిని అడగాలి?
– డిగ్రీ విద్యార్థిని, బరంపురం

'గిరిజనుల ఆరోగ్య స్థితిగతులు' లాంటి పేరు పెట్టారంటే పూర్తి కాదు. ఒక్క ప్రశ్నకు జవాబు దొరికేలా కుదించండి. ఉదాహరణకు: ప్రసవం అయిన 42 రోజుల్లో ఆశా ఎన్నిసార్లు ఇంటికొచ్చి బిడ్డను చూసింది? దీనికి ప్రమాణం ముందే ఉంది. ఆస్పత్రి ప్రసవమైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో ప్రసవమైతే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. ఈ పద్ధతికి మూలం గడ్చిరోలిలోనే ఉంది. అభయ్, రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ 39 ఊళ్లలో ఇంటి దగ్గరే పసికందుల సంరక్షణ చేసి చూపిన ఫలితాలు 1999లో లాన్సెట్‌లో వచ్చాయి. 2011 నుంచి దేశమంతటా ఆశాల పనిలో అది చేరింది.

ఎంతమందిని అన్నదానికి లెక్క ఇది. సగం మందికి సందర్శనలు పూర్తయ్యాయని అనుకొని, పది శాతం అటూఇటూ తేడాను ఒప్పుకుంటే 96 మంది కావాలి. ఐదు శాతం తేడాయే ఒప్పుకుంటానంటే 384, మూడు నెలల్లో ఒక్కరి చేతిమీద అది కాదు. 20,000 జనాభా ఉన్న పీహెచ్‌సీలో వెయ్యికి 20 జననాలనుకుంటే ఆరు నెలల్లో దాదాపు 200 మంది తల్లులు. మొత్తమే 200 ఉన్నప్పుడు 96ను 1.475తో (95ను 200తో భాగించి ఒకటి కలిపితే వచ్చేది) భాగించవచ్చు: 65. ఊళ్లో దొరకనివాళ్ల కోసం పదోవంతు కలుపుకుంటే 72. పేర్లకు నంబర్లు వేసి కంప్యూటర్‌తో యాదృచ్ఛికంగా తీయండి. రోడ్డు పక్క ఊళ్ల నుంచి 72 మంది దొరికారని ఆపేస్తే, ఆశా తేలిగ్గా వెళ్లగలిగే ఇళ్లే మీ లెక్కలోకి వస్తాయి. కొండ మీది ఊళ్లు జారిపోతాయి.

జాబితా దగ్గరే సరిహద్దు జిల్లా తిరకాసు ఒకటుంది. ఏఎన్ఎం రిజిస్టరులో పేరున్న ఆడపిల్ల తొలి కాన్పుకు పుట్టింటికి, అంటే శ్రీకాకుళానికో మన్యం జిల్లాకో వెళ్లి ఉంటుంది. అక్కడి ఆశాకు ఆమె తన లెక్క కాదు, ఇక్కడి ఆశాకు ఆమె ఊళ్లో లేదు. అటునుంచి ఇటు వచ్చినవాళ్లదీ అదే కథ. అంగన్‌వాడీ రిజిస్టరుతో సరిచూసి, ఇలాంటివాళ్లను తీసేయకుండా వేరే వరసలో రాయండి. మీ ప్రాజెక్టులో అందరూ చదివే పేజీ అదే కావచ్చు.

అడిగే తీరు గురించి కాస్త. ఆశాను వెంటబెట్టుకొని వెళ్లి 'ఆశా వచ్చిందా?' అంటే ఆమె ముందు కాదని ఎవరంటారు? ఇల్లు చూపించాక ఆమెను మర్యాదగా పంపేయండి. 'ఎన్నిసార్లు?' అని కాక, 'ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఎప్పుడొచ్చింది? బిడ్డను తూచిందా? థర్మామీటరు పెట్టిందా?' అని ఒక్కో సందర్శననూ విడిగా అడగండి. తల్లీబిడ్డల కార్డు చూపించమని, కార్డులో ఉన్నది ఒక గడిలో, తల్లి చెప్పింది మరో గడిలో రాయండి. రెండూ తేడాగా ఉంటే ఏదీ దిద్దకండి. తేదీలు గుర్తులేనివాళ్లకు సంతలు, రథయాత్ర, దసరా, పోలాల అమావాస్యలతో ఒక క్యాలెండరు తయారుచేసుకోండి. సిరొంచ వైపు అయితే మేడారం జాతర, ప్రాణహిత పుష్కరాలు పెద్ద పిల్లల వయసు తేల్చడానికి అక్కరకొస్తాయి.

ప్రశ్నలు ఒడియా, తెలుగు, సవరల్లోకి మార్చాక, అసలు ప్రశ్న చూడని ఇంకొకరి చేత తిరిగి మార్పించి పోల్చండి. మీ 72 మందిలో లేని ఐదారుగురు తల్లుల దగ్గర ముందు అడిగి చూడండి. అన్నిటికంటే ముందు అనుమతులు: కాలేజీ ఎథిక్స్ కమిటీ, జిల్లా ముఖ్య వైద్య–ప్రజారోగ్య అధికారి కార్యాలయం. మహారాష్ట్రలో అయితే జిల్లా పరిషత్‌లోని జిల్లా ఆరోగ్యాధికారి. వీటికే నెల దాటవచ్చు, అందుకే మొదటి వారమే కాగితాలు పెట్టాలి. తల్లికి 18 ఏళ్లు నిండకపోతే ఆమె ఒప్పుకోలుతో పాటు పెద్దల సమ్మతి కూడా కావాలి. ఆధార్ నంబరు అడగకండి, మీకు దాంతో పనిలేదు.

ప్రశ్న: 'హెల్త్ పాలసీ' అని వేరే పేపరుంది. అందులో ఏం చదువుతారు?
– రాజురా

మీ ఇంట్లోని ఆరోగ్య కార్డుతోనే మొదలుపెట్టవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది, తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మహారాష్ట్రలో అలాంటి పథకం 2012లో ఎనిమిది జిల్లాల్లో మొదలైనప్పుడు గడ్చిరోలి, నాందేడ్ వాటిలో ఉన్నాయి. 2017 నుంచి దాని పేరు మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన్ ఆరోగ్య యోజన. ఒడిశా 2018లో బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన పెట్టుకొని, కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌లోకి 2025లో గానీ రాలేదు. ఒకే జబ్బు, ఒకే భాష మాట్లాడే మూడు కుటుంబాలు, మూడు కార్డులు. ఎందుకిలా అంటే రాజ్యాంగంలో ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కేంద్రం డబ్బుతో వస్తుంది, జాతీయ ఆరోగ్య మిషన్‌లో చాలా రాష్ట్రాలకు ఆ వాటా 60:40. నిర్ణయం రాష్ట్రానిది.

పాలసీ విద్యార్థి అడగాల్సినవి: ఎవరు అర్హులు, ఏ చికిత్సకు ఎంత ప్యాకేజీ, ఆ రేటుకు ఏ ఆస్పత్రి ఒప్పుకుంది, అది రోగి ఊరికి ఎంత దూరం, కార్డు ఉన్నా జేబులోంచి పోయింది ఎంత. ఆయుష్మాన్ కార్డు ఆస్పత్రిలో చేరితేనే పనిచేస్తుంది. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికొచ్చాక 15 రోజుల ఖర్చు దానిలోనే వస్తుంది. బీపీకీ షుగరుకూ నెలనెలా కొనే మందులు రావు. దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబు నుంచి పెట్టుకున్నది 2013–14లో 64.2 శాతం, 2021–22లో 39.4 శాతం అని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. తగ్గింది నిజమే, ఇంకా మూడోవంతు పైనే ఉంది. ఆ మిగిలింది ఆస్పత్రి బిల్లా మందుల బిల్లా అని విడదీయడం మొదలుపెడితే పేపరు సగం అర్థమైనట్టు.

పనిలో పనిగా: రాష్ట్రం దాటి వరంగల్లుకో విశాఖకో రోగిని తీసుకెళ్లే ముందు 14555కు ఫోన్ చేసి, మీ కుటుంబం కేంద్ర పథకం జాబితాలో ఉందా, ఆ ఆస్పత్రి ఆ జబ్బుకు ఒప్పందంలో ఉందా అని అడగండి. రాష్ట్ర పథకంలో మాత్రమే పేరున్నవాళ్లు బయటి రాష్ట్రంలో కార్డు చెల్లుతుందని ధీమాగా వెళితే కౌంటరు దగ్గర డబ్బు కట్టాల్సిరావచ్చు.

ప్రశ్న: ఎపిడెమియాలజీ అంటే అంటువ్యాధుల చదువేనా?
– ఇచ్ఛాపురం పక్క ఊరు, గంజాం జిల్లా

కాదు. మీకు పక్కనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి మండలాల కిడ్నీ జబ్బు అంటేది కాదు, అయినా ఎపిడెమియాలజీ ప్రశ్నల్లో పెద్దది. నీరు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశం: ఏదో ఒక్కటే కారణమని ఇంతవరకూ తేలలేదు. ఒక్కసారి చేసిన క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) మీద లెక్కగడితే తప్పవుతుంది. కిడ్నీల వడపోత తక్కువగా ఉండడం కనీసం మూడు నెలలు సాగితేనే దీర్ఘకాలిక జబ్బంటారు. ఎండలో పనిచేసి వచ్చిన మనిషి నెత్తురు ఆ సాయంత్రమే తీసి పరీక్షిస్తే అంకె వేరుగా రావచ్చు.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ కొనాలా?
– జయపురం

అక్కర్లేదు. ఫోనులో సర్వేకు కోబోటూల్‌బాక్స్, లెక్కలకు ఆర్ (R), మ్యాపులకు క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతాయి. కోబోలో ఫారం ముందే ఫోనులోకి దింపుకొంటే సిగ్నల్ లేని కొండ ఊళ్లోనూ నింపవచ్చు. సాయంత్రం సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక ఆ రోజు ఫారాలు పంపేయండి, ఫోనులో పోగేసుకోకండి. జవాబు లేని గడిలో సున్నా వేయకండి, 99 లాంటి గుర్తు వేసుకోండి. సున్నా అంటే ఆశా ఒక్కసారీ రాలేదని లెక్కలోకి వెళ్లిపోతుంది.